చెప్పుల స్టాండు టోకెను, హిస్టరీ షీటు

గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా 2025 నవంబరులో రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పెద్దలకు, వెనక బెంచీలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా. చూసుకోండి బాబూ, ఏం పర్లేదు. నేను మాట్లాడబోయేది మీ చేతిలో ఉన్నదాని గురించే.

లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు ఉంది, చూశారు కదా. పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం. నేనూ రాశాను. రాశాక ఒకసారి పై వరసలు చూశాను. నా పైన పద్నాలుగు పేర్లున్నాయి. అందులో పదముగ్గురు నంబరు రాశారు. ఒక్కరు మాత్రం ఆ గడిలో చిన్న గీత గీసి వదిలేశారు. ఎవరో తెలియదు, చేతిరాత చూస్తే పెద్దవారిలా ఉంది. వారికి విడిగా నా నమస్కారం. మిగతా పదముగ్గురూ ఎందుకు రాశారు? పైవాళ్లు రాశారు కాబట్టి. మరి నేనెందుకు రాశాను? పదకొండేళ్లు ఇదే వ్యాపారంలో ఉండి వచ్చినదాన్ని, నేనూ రాశాను! కార్యదర్శిగారూ, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. గడి కనిపిస్తే నింపేస్తాం, అంతే. అది మనకి అలవాటు చేశారు.

నా గురించి రెండు ముక్కలు. హైదరాబాదులో ప్రకటనల సాఫ్ట్‌వేరు రాసే కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాను. ఏ ప్రకటన ఎవరి ఫోన్లో ఎప్పుడు కనపడాలో తేల్చే సాఫ్ట్‌వేరు. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా మీరు విని ఉండరు. మన సంగతులు ఎక్కువగా తెలిసినవి మనం పేరు కూడా వినని కంపెనీలకే, ఈ వ్యాపారం తీరే అంత.

ఆహ్వాన పత్రికలో 'ఆన్‌లైన్ నిఘా, వ్యక్తిగత గోప్యత' అని వేశారు. గోప్యత మంచి మాటే. కానీ ఇంట్లో ఎవరైనా వాడతారా? 'అమ్మా, నా గోప్యతకు భంగం కలుగుతోంది' అని మీ పిల్లలు ఎప్పుడైనా అన్నారా? 'నా ఫోన్ ఎందుకు చూశావ్' అంటారు, అంతే. అందుకే కొందరంటారు, ప్రైవసీ అనేది మన సరుకు కాదు, రైలెక్కగానే జీతమెంత, పెళ్లయిందా, పిల్లలెందరు అని అడిగే జాతి మనది, మనకెందుకీ గొడవ అని. నేను ఒప్పుకోను. మనకి మాట ఉంది. గుట్టు. 'గుట్టుగా కాపురం చేసుకుంటోంది' అంటే మెచ్చుకోలు. 'గుట్టు రట్టు చేశాడు' అంటే తిట్టు. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అంటాం. ఆ సామెతలో మనం ఎవరి పక్షాన ఉన్నామో గమనించారా? లంక పక్షాన! విభీషణుడు ధర్మాత్ముడే, కాదనం. అయినా గుట్టు దగ్గరికి వచ్చేసరికి రావణుడికి జరిగిన నష్టం కూడా లెక్కలో వేసుకున్నాం.

ఇంకొకటి. పాతవాళ్లు తొమ్మిదింటిని బయటపెట్టొద్దన్నారు. ముందు వరసలో సంస్కృతం మాస్టారు ఉన్నారు, తప్పయితే దిద్దండి మాస్టారూ. వయసు, డబ్బు, ఇంట్లో లొసుగులు, మంత్రం, మందు, ఆలుమగల సంగతి, చేసిన దానం, దక్కిన గౌరవం, పడ్డ అవమానం. సరే, ఇప్పుడు ఫోను పక్కన పెట్టుకుని లెక్కపెట్టండి. వయసు ఖాతా తెరిచేటప్పుడే ఇచ్చాం. డబ్బు సంగతి బ్యాంకు పంపే ప్రతి ఎస్సెమ్మెస్సులో ఉంది, ఆ ఎస్సెమ్మెస్సులు చదవడానికి ఎన్ని యాప్‌లకి ఒప్పుకున్నామో మనకే గుర్తులేదు. మంత్రమా? పొద్దున్నే ఏ స్తోత్రం పెట్టుకుంటామో, ఏ గుడికి టికెట్టు తీశామో ఉంది. మందు? మందుల యాప్‌లో చీటీ ఫొటోతో సహా ఉంది. ఇంట్లో లొసుగు? రాత్రి పన్నెండింటికి 'విడాకులకి ఎన్నాళ్లు పడుతుంది' అని వెతికిన మాట మొగుడికి తెలియదు, పెళ్లానికి తెలియదు, ఫోనుకి తెలుసు. తొమ్మిదికి తొమ్మిదీ అక్కడున్నాయి. అవమానం కూడా. పిల్లాడు పరీక్ష తప్పిన రోజు మనం ఏం వెతికామో ఒకసారి గుర్తుతెచ్చుకోండి.

ఇదెలా మొదలైందో చెబుతాను. మీరందరూ అన్నవరం వెళ్లే ఉంటారు. కొండ మీద చెప్పులు ఇస్తే టోకెను ఇస్తాడు. 47 అనుకోండి. అతనికి మీ పేరు తెలియదు, అక్కర్లేదు కూడా. 47 చూపిస్తే 47 చెప్పులు ఇస్తాడు. ఇందులో తప్పుందా? ఏమీ లేదు. 1994లో ఇంటర్నెట్‌కి సరిగ్గా ఇదే కావలసి వచ్చింది. అప్పట్లో వెబ్‌సైటుకి మతిమరుపు. ఒక పేజీలో బుట్టలో సబ్బు వేసుకుని రెండో పేజీకి వెళ్తే, మీరెవరో దానికి గుర్తుండేది కాదు. బ్రౌజరు తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో లూ మొంటుల్లి అనే కుర్ర ఇంజనీరు దానికి ఒక ఉపాయం కట్టాడు. వెబ్‌సైటు మన బ్రౌజరుకి ఒక టోకెను ఇస్తుంది, మళ్లీ వచ్చినప్పుడు బ్రౌజరు అది చూపిస్తుంది. దానికి కుకీ అని పేరు పెట్టారు. ఒక సైటు ఇచ్చిన టోకెను ఇంకో సైటు చదవకుండా కూడా జాగ్రత్త పడ్డాడు ఆయన. బుద్ధిమంతుడే.

మరి ఎక్కడ చెడింది? ఒక కాంట్రాక్టరు వచ్చాడనుకోండి. అన్నవరం చెప్పుల స్టాండు పాట పాడుకున్నాడు. ద్వారపూడి పాడుకున్నాడు. తర్వాత సినిమా హాలు ముందు స్టాండు పెట్టాడు, ఆసుపత్రి ముందు పెట్టాడు, బ్రాందీ షాపు ముందు పెట్టాడు, వకీలు ఇంటి ముందు పెట్టాడు. అన్ని చోట్లా మీకు ఒకటే టోకెను, 47. ఇప్పుడు అతనికి మీ పేరు తెలియాలా? 47 పొద్దున గుడికి వెళ్లాడు, పదింటికి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాడు, సాయంత్రం బ్రాందీ షాపుకి వెళ్లాడు, మర్నాడు వకీలు దగ్గర గంటన్నర కూర్చున్నాడు. ఏం జరుగుతోందో మీరే చెప్పేస్తున్నారు చూడండి! నేను పేరు చెప్పలేదు. మీరు కథ అల్లేశారు.

ఆ కాంట్రాక్టర్లలో పేరు మోసినది డబుల్‌క్లిక్ అనే కంపెనీ, 1990ల నాటిది. 2007లో గూగుల్ దాన్ని 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. చెప్పుల స్టాండుకి 310 కోట్ల డాలర్లు! అంటే డబ్బు చెప్పుల్లో లేదు, ఎవరు ఎక్కడెక్కడ చెప్పులు విడిచారన్న లెక్కలో ఉంది. ఇదే గూగుల్ 2020లో, ఈ కాంట్రాక్టరు కుకీలని మా క్రోమ్ బ్రౌజరులో రెండేళ్లలో ఆపేస్తాం అంది. తర్వాత వాయిదా వేసింది. మళ్లీ వేసింది. 2024లో, అబ్బే, ఆపడం లేదంది. సఫారీ, ఫైర్‌ఫాక్స్ అనే వేరే బ్రౌజర్లు మాత్రం వాటిని ముందే ఆపేశాయి. ఎందుకో నన్నడక్కండి, ఎవరి ఆదాయం దేని మీద ఉందో చూసుకుంటే చాలు.

టోకెను పారేస్తే సరిపోతుంది కదా అంటారా? చెప్పులున్నాయిగా. మీ చెప్పు సైజెంత, కుడి మడమ ఎంత అరిగింది, పట్టీ ఏ రంగు దారంతో కుట్టించారు, ఇవన్నీ చూసి టోకెను లేకుండానే గుర్తుపడతాడు. ఫోనుకీ అంతే. తెర కొలత, ఫాంట్లు, భాష, ఏ వెర్షను, ఇవన్నీ కలిపితే చాలాసార్లు అలాంటిది ఇంకొకటి దొరకదు. ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో పరీక్షించి చూస్తే, వచ్చిన బ్రౌజర్లలో నూటికి 83 పైగా దేనికదే వేరుగా తేలాయి. తమాషా ఏంటంటే, 'నన్ను వెంబడించవద్దు' అని చెప్పే మీట ఒకటి బ్రౌజర్లలో పెట్టారు. అది వట్టి విన్నపం. వినితీరాలని రూలేమీ లేదు, చాలామంది వినలేదు. పైగా ఆ మీట నొక్కినవాళ్లు తక్కువమంది కాబట్టి, నొక్కడమే ఒక గుర్తు అయిపోయింది! 'నన్ను చూడకండి' అని బోర్డు మెడలో వేసుకుని నడిచినట్టు. యాపిల్ 2019లో దాన్ని తీసేసింది.

ఇక వేలం పాట. మీరు వార్తల పేజీ తెరుస్తారు. పేజీ నిండేలోపల, సెకనులో పదో వంతు అనుకోండి, ఒక పాట జరిగిపోతుంది. 'రాజమండ్రి, ఆడమనిషి, నలభై దాటింది, ఫలానా ఫోను, మోకాలి నొప్పి గురించి చదివింది, ఎవరికి కావాలి?' అని మా సాఫ్ట్‌వేరు కేకేస్తుంది. ఎక్కువ పాడినవాడి ప్రకటన మీకు కనపడుతుంది. ఇంతవరకూ చాలామంది వినే ఉంటారు. వినని సంగతి ఒకటుంది. చేపల పాటలో కొన్నవాడొక్కడే చేపని చూస్తాడా? చుట్టూ నిలబడ్డవాళ్లందరూ చూస్తారు. ఇక్కడా అంతే. ఓడిపోయినవాళ్లకి కూడా మీ వివరాలు అందుతాయి. పాట పాడే ఉద్దేశమే లేకుండా, చూసి రాసుకోవడానికే వచ్చి నిలబడేవాళ్లున్నారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఇది నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా తొమ్మిదేళ్లు చేశాను. జీతం బాగుండేది. అబద్ధం ఎందుకు?

మా చెల్లెలి సంగతి చెబుతాను. పిన్ని కూతురు. తనని అడిగి, తను సరేనన్నాకే చెబుతున్నాను. మూడో నెలలో ఫోనులో ఒక యాప్ వేసుకుంది. కడుపులో బిడ్డ ఈ వారం నిమ్మకాయంత, వచ్చేవారం బత్తాయంత అని చూపిస్తుంది చూడండి, అలాంటిది. పురుడు తేదీ అందులో నింపింది. ఐదో నెలలో పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, చేసిన మొదటి పని ఆ యాప్ తీసేయడం. అయిపోయిందనుకుంది. కానీ తేదీ అప్పటికే బయటికి వెళ్లిపోయింది. ఆరో నెల లెక్కకి వదులు జుబ్బాల ప్రకటనలు. ఏడో నెలకి ఉయ్యాల. ఎనిమిదో నెలకి చిన్న చిన్న సాక్సులు. పురుడు రావలసిన వారంలో డైపర్ల ప్రకటన వచ్చింది, 'బుజ్జాయికి స్వాగతం' అని. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఒకటే అడిగింది. 'అక్కా, నువ్వు చేసే పని ఇదేనా?'

మర్నాడు ఆఫీసుకి వెళ్లి చూశాను. మా వ్యవస్థలో ప్రకటన ఆపడానికి ఒక గుర్తు ఉంది. 'కొన్నారు' అని. ఉయ్యాల కొంటే ఉయ్యాల ప్రకటన ఆగుతుంది. 'ఇక అక్కర్లేదు' అని చెప్పే గుర్తు లేదు. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు, ఎందుకంటే దానివల్ల ఎవరికీ డబ్బు రాదు. అంటే మా చెల్లెలు ఆ ప్రకటన ఆపుకోవాలంటే ఉన్న దారి ఒక్కటే, ఉయ్యాల కొనడం. మీటింగులో చెప్పాను. అందరూ 'అయ్యో' అన్నారు, నిజంగానే బాధపడ్డారు, చెడ్డవాళ్లేం కాదు. ఒక నంబరు ఇచ్చి పనుల జాబితాలో పెట్టారు. నేను మానేసిన రోజున కూడా ఆ జాబితాలో అది అలాగే ఉంది.

'పేరు లేదు కదండీ, అంకెలేగా' అంటారు మావాళ్లు. నేనూ అనేదాన్ని. 2006 ఆగస్టులో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ పరిశోధకుల కోసమని ఆరున్నర లక్షల మంది వెతికిన మాటలు, సుమారు 2 కోట్లు, బయటపెట్టింది. పేర్లు తీసేసి అంకెలు పెట్టింది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు అందులో 4417749 అనే అంకె పట్టుకున్నారు. వేళ్లు తిమ్మిరెక్కడం, అరవై ఏళ్ల ఒంటరి మగవాళ్లు, ఎక్కడపడితే అక్కడ తడిపే కుక్క, ఇలా వెతికారు ఎవరో. ఊరి పేరు ఒకచోట, ఇంటిపేరు ఒకచోట. కొద్ది రోజుల్లోనే జార్జియా రాష్ట్రంలో 62 ఏళ్ల ఒకావిడ ఇంటి తలుపు తట్టారు. అవి ఆవిడ వెతికినవే. అంతకుముందే లటన్యా స్వీనీ అనే ఆచార్యురాలు లెక్కకట్టి చూపించింది, పిన్ కోడ్, పుట్టినతేదీ, ఆడో మగో, ఈ మూడూ తెలిస్తే చాలు, అమెరికాలో నూటికి 87 మందిని గుర్తుపట్టవచ్చని. ఈ మూడూ మీరు ఈ ఏడాది ఎన్ని చోట్ల రాశారు?

ఒక బాబు చెయ్యెత్తాడు. చెప్పు బాబూ. ఆఁ, ఫోను మన మాటలు వింటుందా అని. ప్రతి సభలో అడుగుతారు. 'నిన్న మా ఆవిడతో ఫ్రిజ్ గురించి మాట్లాడాను, పొద్దున్నకి ఫ్రిజ్ ప్రకటన' అని. 2018లో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయంవాళ్లు 17 వేల పైచిలుకు ఆండ్రాయిడ్ యాప్‌లు పరీక్షించారు. చాటుగా మైకు తెరిచి వింటున్న యాప్ వాళ్లకి దొరకలేదు. దొరికింది ఇంకొకటి, తెర మీద మనం చేసేదాన్ని రికార్డు చేసి బయటికి పంపేవి కొన్ని ఉన్నాయి. నా అనుభవంతో చెబుతున్నాను, వినక్కర్లేదు బాబూ. మీ ఆవిడ మధ్యాహ్నమే ఫ్రిజ్‌లు చూసింది. మీ ఇద్దరి ఫోన్లూ ఒకే వైఫైలో ఉన్నాయి. మీ ఫ్రిజ్ కొని పదకొండేళ్లయింది. ఇంకా మైకెందుకు?

వైరస్ రాకుండా కాపాడే సాఫ్ట్‌వేరు వేసుకున్నాం అంటారు కొందరు. అవాస్ట్ అని పేరున్న యాంటీవైరస్ కంపెనీ. దాన్ని వేసుకున్నవాళ్లు ఏ సైట్లు చూశారో ఆ చిట్టాని అనుబంధ కంపెనీ ద్వారా ఏళ్ల తరబడి అమ్మింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. కంచే చేను మేయడమంటే ఇదే. మన దగ్గర సంగతీ చూడండి. 2023 ఏప్రిల్ మొదట్లో సైబరాబాద్ పోలీసులు ఒక్క మనిషిని పట్టుకుంటే అతని దగ్గర 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు దొరికాయని చెప్పారు. అమ్మకానికి పెట్టుకున్నాడు. ఒక మనిషి, ఒక లాప్‌టాప్, దేశంలో సగం జనానికి దగ్గరగా.

ఇప్పుడు ఈ ఊరి సంగతికి వస్తాను. ఈ ప్రసంగం ఇక్కడే చెయ్యాలని నేను పట్టుబట్టింది దీనికోసమే.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గానీ, ఆయన పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. మనకి ఈ మాట బాగా తెలుసు, హిస్టరీ షీటరు, రౌడీషీటరు. అక్కడి పోలీసు నిబంధనల్లో 236 అని ఒకటుంది, అందులో ఏం చెయ్యాలో వరసగా రాశారు. ఇంటి చుట్టూ చాటుగా కాపలా కాయాలి. రాత్రిళ్లు తలుపు కొట్టి చూడాలి. మనిషి అలవాట్లేంటి, ఎవరితో తిరుగుతాడు, రాబడెంత, ఖర్చెంత, ఏం పనిచేస్తాడు, ఎప్పటికప్పుడు వాకబు చెయ్యాలి. ఊరు దాటితే కబురు పంపాలి. ఇదంతా షీటులో రాసిపెట్టాలి.

మళ్లీ చదువుతాను, వినండి. అలవాట్లు. ఎవరితో తిరుగుతాడు. రాబడి. ఖర్చు. వృత్తి. కదలికలు. మా కంపెనీలో ఒక్కో ఫోనుకి మేము నింపిన గడులు ఇవే! కాస్త అటూ ఇటూగా ఇవే. అక్కడ కానిస్టేబులు సైకిలు తొక్కుకుంటూ వెళ్లి రాసుకునేవాడు. ఇక్కడ మనమే రాసి ఇస్తున్నాం, ఆ సైకిలుకి పెట్రోలు ఖర్చన్నట్టు డేటా ప్యాకు కూడా మనమే వేయించుకుంటున్నాం. సైకిలుకి పెట్రోలేంటి అంటారా, సరే, గాలి అనుకోండి.

ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకి వెళ్లాడు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట తలుపు కొట్టడం తప్పు, అది కొట్టేస్తున్నాం, మిగతాది ఉండొచ్చు, మన రాజ్యాంగంలో ప్రైవసీ హక్కు అని లేదు అన్నారు ఎక్కువమంది. ఇద్దరు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఒకరు. ఇంకొకరు కోకా సుబ్బారావుగారు. రాజమండ్రిలో పుట్టినవారు, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయినవారు. ఆయన ఏమన్నారో నా మాటల్లో చెబుతాను. తలుపు కొట్టడం ఒక్కటే కాదు, మొత్తం 236 కొట్టెయ్యాలి. ఆ మనిషి కాళ్లతో ఎక్కడికైనా నడవగలడు, కానీ స్వేచ్ఛగా నడవలేడు, ఎందుకంటే ప్రతి అడుగూ ఎవరో చూస్తున్నారు, రాసుకుంటున్నారు. ఆ నిఘా మేలిముసుగులా కప్పి ఉంటే మనసులోనే సంకోచం పుడుతుంది, తనకి నచ్చినట్టు ఉండలేడు. అదీ మాట. రాసుకోవడమే హాని అన్నారాయన. రాసినదాంతో తర్వాత ఏం చేస్తారన్నది రెండో సంగతి.

1962లో కంప్యూటరు మొహం చూసినవాళ్లు దేశంలో ఎందరుండి ఉంటారు? ఆయనకి ఇది కనపడింది. మనకి 'నాకు దాచుకోవడానికేం లేదండీ' అనడం అలవాటైంది. దాచుకోవడానికి ఏదో ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. మా నాన్నగారికి మతిమరుపు మొదలైనప్పుడు ఆ జబ్బు పేరు ఫోనులో వెతకడానికి నేను వెనకాడాను. ఎందుకో తెలుసా? ఆ ఒక్క మాట ఏ గడిలో పడుతుందో, ఆ గడిని ఏ ఇన్సూరెన్సువాడికి అమ్మవచ్చో నాకు తెలుసు. పక్క వీధిలో డాక్టరుగారింటికి నడిచి వెళ్లి అడిగాను. నేనేమైనా నేరం చేశానా? లేదు. స్వేచ్ఛగా ఉన్నానా? అదీ లేదు.

సుబ్బారావుగారి మాట నెగ్గడానికి 55 ఏళ్లు పట్టింది. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పుట్టస్వామిగారు ఆధార్ మీద వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. సుబ్బారావుగారి అసమ్మతి సరైనదన్నారు. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లా మనిషి చలమేశ్వర్‌గారు ఉన్నారు, 2023లో మన గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్‌గారు ఉన్నారు. తొమ్మిది గుట్లు, తొమ్మిది మంది జడ్జీలు. కావాలని కుదిర్చింది కాదు, కుదిరింది.

తర్వాత చట్టం వచ్చింది, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. 2023 ఆగస్టులో. దాని రూల్సు ఈ వారమే నోటిఫై చేశారు. అసలైన నిబంధనలు అమల్లోకి రావడానికి ఇంకా పద్దెనిమిది నెలలు, అంటే 2027 మే. మంచి సంగతులున్నాయి, కాదనను. సమ్మతి స్పష్టంగా తీసుకోవాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. కావాలంటే నోటీసు తెలుగులో ఇవ్వాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని వెంబడించి ప్రకటనలు వెయ్యకూడదు. తప్పు చేస్తే 250 కోట్ల దాకా జరిమానా. బాగుంది. ఆ జరిమానా ఎవరికి వెళ్తుంది? ప్రభుత్వానికి. గుట్టు రట్టయిన మనిషికి? ఏమీ లేదు. పాత ఐటీ చట్టంలో నష్టపరిహారం అడిగే సెక్షను ఒకటుండేది, దాన్ని కూడా ఈ చట్టంతోనే తీసేస్తున్నారు. తప్పుడు ఫిర్యాదు చేస్తే మాత్రం మనకి పదివేల దాకా పడుతుంది. ప్రభుత్వం తనకి కావలసిన సంస్థలకి మినహాయింపు ఇచ్చుకోవచ్చు. సమాచార హక్కు చట్టంలో కూడా ఒక మార్పు తెచ్చారు, అది వేరే ప్రసంగం, ఇంకో వారోత్సవానికి పిలవండి.

సమ్మతి అన్నాను కదా. 2008లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు లెక్కకట్టారు. మనిషి తను చూసే సైట్లన్నిటి ప్రైవసీ నిబంధనలూ చదవాలంటే ఏడాదికి 244 గంటలు కావాలట. 2008లో! చదవం అని వాళ్లకి తెలుసు. చదవం కాబట్టే అంత పొడుగు రాస్తారు. ఆ పేజీలో 'అన్నీ ఓకే' అనే బటను ఆకుపచ్చగా పెద్దగా ఉంటుంది, 'వద్దు' అన్నది బూడిద రంగులో మూలకి ఉంటుంది. నేనే పెట్టాను అలా. ఏ రంగు పెడితే ఎంతమంది నొక్కుతారో పరీక్షించి మరీ పెట్టాం. అదే సరిగ్గా అడిగితే జనం ఏమంటారో కూడా తెలిసింది. 2021లో యాపిల్ ఐఫోనులో ఒక చిన్న పెట్టె పెట్టింది, ఈ యాప్ మిమ్మల్ని వెంబడించవచ్చా అని, రెండు బటన్లూ ఒకే సైజు. చాలామంది వద్దన్నారు. 2022లో దానివల్ల తమ ఆదాయానికి వెయ్యి కోట్ల డాలర్ల దెబ్బ అని ఫేస్‌బుక్ వాళ్లే అంచనా చెప్పారు. వెయ్యి కోట్ల డాలర్లంత మొహమాటం మీద నడిచింది వ్యాపారం.

సరే, ఏం చెయ్యాలి? చాలా చెయ్యొచ్చు, నేను రెండే చెబుతాను, ఇక్కడే కూర్చుని చేసేవి. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌కి వెళ్లి, గూగుల్, అందులో యాడ్స్. అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ అని ఉంటుంది. నొక్కండి. అదే మీ 47 నంబరు టోకెను. ప్రకటనలు ఆగవు, ముందే చెబుతున్నాను. కానీ అన్ని స్టాండ్లలో ఒకే నంబరు చూపించడం ఆగుతుంది. రెండోది, కాంటాక్ట్స్. ఏ ఏ యాప్‌లకి మీ ఫోన్ పుస్తకం చదివే అనుమతి ఉందో చూసి తీసెయ్యండి. టార్చిలైటు యాప్‌కి మీ వియ్యంకుడి నంబరెందుకు? లోన్ యాప్‌లవాళ్లు ఆ పుస్తకం పట్టుకుని చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తే ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు మన రాష్ట్రాల్లో. ఆ తర్వాతే, 2022లో, రిజర్వు బ్యాంకు లోన్ యాప్‌లు కాంటాక్ట్స్ ముట్టుకోకూడదంది. అక్కడ ఇంకొకటి గుర్తుంచుకోండి. మీ ఫోనులో ఉన్నది నా నంబరు. మీరు ఓకే నొక్కితే పోయేది నా గుట్టు. నన్నెవరూ అడగలేదు.

కొట్లో నంబరు అడిగితే ఏం చెయ్యాలి అని ఇందాక ఒకమ్మ అడిగారు. ఇవ్వనక్కర్లేదమ్మా. 2023లో కేంద్ర వినియోగదారుల శాఖే చెప్పింది, నంబరు ఇవ్వకపోతే అమ్మం అనడం తగదని. మా అమ్మకి ఇదంతా నేర్పి, మొన్న దీపావళికి మెయిన్ రోడ్డులో చీర కొనడానికి తీసుకెళ్లాను. బిల్లు దగ్గర కుర్రాడు మానిటరు మీంచి తల ఎత్తకుండానే 'నంబరు చెప్పండమ్మా' అన్నాడు. మా అమ్మ, 'ఎందుకు నాయనా, చీర నేను కడతాను, ఫోను కాదు కదా' అంది. నేను గొడవవుతుందేమో అనుకున్నాను. ఆ కుర్రాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తొమ్మిది అంకె మీద వేలు పెట్టి టకటకా పదిసార్లు కొట్టి, ఎంటర్ నొక్కి, బిల్లు చింపి ఇచ్చాడు. రోజూ చేసేదేనట. మిషను మాత్రం ఊరుకోలేదు. 'వెల్‌కమ్ బ్యాక్, మీకు 4,812 పాయింట్లు ఉన్నాయి' అని తెర మీద చూపించింది. ఆ పది తొమ్మిదుల ఆసామి ఎవరో గానీ, ఆడవాళ్ల చీరలూ మగవాళ్ల పంచెలూ చంటిపిల్లల జుబ్బాలూ అన్నీ ఆయనే కొంటున్నాడు ఈ ఊళ్లో.